నడుమకెల్లి వచ్చే సప్పుడు

ప్రవీణ మేడం గదిలో మగగొంతు వినబడుతోందని మొదట కనిపెట్టింది పక్కింటి సిద్ధమ్మ. వేరెవరైనా అయితే విని ఊరుకునేవారేమో. సిద్ధమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పాలప్యాకెట్ కోసం సందులోకి వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆపి ఆ ముక్క చెవిన వేసింది. వేసి, గొంతు తగ్గించి ఇంకో మాట కలిపింది.

"మన దిక్కోడు గూడ గాదే. ఆంధ్రాయన."

చూసిందా అంటే చూడలేదు. మాటను బట్టి పట్టేసింది. మేడం "ఏడికెల్లి" అంటే ఆయన "ఎక్కడి నుంచండీ" అంటాడట. మేడం "గట్ల గాదు సార్" అంటే ఆయన "అలా కాకపోతే మరెలా" అంటాడట. ఇంక అనుమానం దేనికి? సిద్దిపేటలో పుట్టి పెరిగిన మగవాడు సాయంత్రం పూట ఒక ఇంట్లో కూర్చుని "అలా కాకపోతే మరెలా" అంటాడా? చచ్చినా అనడు.

మాట తిరిగి తిరిగి ఇంటి యజమాని కొమురవ్వ దగ్గరికి వచ్చింది. కింద రెండు గదుల్లో కొమురవ్వ, మీద ఒక్క గదిలో, కొమురవ్వ మాటలో మీది అర్రలో, కిరాయికి ప్రవీణ. మెట్లు పక్కసందులోంచి ఉన్నాయి. మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి కొమురవ్వ ఆ మెట్లెక్కడం మానేసింది. కాబట్టి కిరాయిదారు సంగతి ఏదైనా ఆమెకు తెలియాలంటే చెవులే దిక్కు. ఆ చెవుల మీద ఆమెకు ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. భర్త రాజనర్సు బతికున్న రోజుల్లో వంటింట్లో కూర్చునే మగ్గం సప్పుడు విని, పోగు తెగిందని ఆయనకంటే ముందు చెప్పిన మనిషి. అలాంటి మనిషి తన సొంత ఇంటి కప్పు మీద ఎవడు మాట్లాడుతున్నాడో సిద్ధమ్మ చెబితే తెలుసుకోవాల్సి వచ్చింది! రోషం రాదూ? మరుసటి సాయంత్రం మెట్ల కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ మరుసటి సాయంత్రం కూడా కూర్చుంది. కూర్చునేసరికే మీద మాటలు సాగుతున్నాయి, లేచేదాకా ఎవరూ దిగలేదు.

నిజమే. ఇద్దరి మాటలు. ఒకటి ప్రవీణది. ఇంకోటి బరువుగా, తాపీగా, మాటకో అండీ తగిలిస్తూ.

ఆ ఆంధ్రాయన ఎవరో చెప్పే ముందు ప్రవీణ గురించి నాలుగు మాటలు చెప్పాలి. చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే.

ప్రవీణది మిరుదొడ్డి. నేత ఇల్లు. తండ్రి మగ్గం గుంటలో, తల్లి రాట్నం దగ్గర, ఆ రెంటి మధ్య ఈమె పుస్తకం పట్టుకుని పెరిగింది. ఆ సప్పుడులో నెమ్మదిగా మాట్లాడితే ఇంట్లో ఎవరికీ అందదు. అందుకే ఇప్పటికీ క్లాసులో ఆమె గొంతు మైకు లేకుండా ఆఖరి బెంచీ దాకా పోతుంది. తల్లీ తండ్రీ పోయారు. తమ్ముడు ఓంప్రకాశ్ భివండీలో పవర్‌లూమ్‌ల మీద ఉన్నాడు. ఫోన్ చేస్తే వెనక మరమగ్గాల మోతే గాని తమ్ముడి మాట వినబడదు. "మల్ల జేస్త అక్కా" అంటాడు. చెయ్యడు. పెండ్లి ఒకటి అయింది, జగదేవ్‌పూర్ సంబంధం. ఏడాది తిరక్కుండానే అది తెగిపోయింది. ఎందుకు తెగిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పనిదాన్ని గుచ్చి గుచ్చి అడగడం మనకెందుకు?

నలభై దాటింది. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. చెప్పడమంటే ఏముంది, ఎంట్రన్స్‌కు వచ్చే బిట్లు రుద్దించడం. ఆకాశం గురించి ఒక్క బిట్టు కూడా రాదు. కాబట్టి ఆకాశం గురించి ఆమెను అడిగినవాళ్లు లేరు. స్టాఫ్‌రూంలో మిగతావాళ్లు చీరల గురించో ప్లాట్ల గురించో మాట్లాడుకుంటూ ఉంటే ఆమె కూడా తల ఊపుతుంది. బెల్లు కొట్టాక గదికి వస్తుంది. వచ్చాక మళ్లీ మర్నాడు కాలేజీ గేటు దగ్గర "నమస్తే మేడం" అని వాచ్‌మన్ అనే దాకా ఆమెను పలకరించే మనిషి ఉండడు.

అయితే ఆమెకంటూ ఒక పని ఉంది. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో వాళ్లందరినీ పుణె అవతల ఒక పెద్ద రేడియో టెలిస్కోపు చూడటానికి బస్సులో తీసుకెళ్లారు. పొలాల మధ్య ఇంతింత తీగల గిన్నెలు, ఆకాశం వైపు నోళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఈ ఎండలో ఏం కనబడుతుందని అక్కడి ఇంజనీరమ్మను హిందీలో అడిగింది ప్రవీణ. చూడం, వింటాం, దానికి పగలూ రాత్రీ ఒకటే అంది ఆమె. అంతే. ఆ మాట పట్టుకున్న ప్రవీణ ఇప్పటికీ వదల్లేదు. ఉద్యోగం చేస్తూనే హైదరాబాద్‌లో పీహెచ్‌డీకి చేరింది. ప్రపంచంలోని టెలిస్కోపులు పట్టిన సమాచారం ఎవరైనా వాడుకోవడానికి పెట్టి ఉంటుంది కదా, దాన్ని కంప్యూటర్లోకి దించుకుని, ఈ గదిలో కూర్చుని క్వేజార్ల మీద పని చేస్తుంది.

క్వేజార్ అంటే వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఒక గెలాక్సీ నట్టనడుమ. అక్కడ ఒక మహా పెద్ద కృష్ణబిలం ఉంటుంది. దాంట్లో పడబోయే వాయువు గిర్రున తిరిగి తిరిగి, కాగి కాగి, చుట్టూ ఉన్న నక్షత్రాలన్నీ కలిసినా ఇవ్వలేనంత వెలుగు వెలుగుతుంది. ఇలాంటివి పదింటిలో ఒకటి రేడియోలో గట్టిగా అరుస్తుంది. దాని నడుమ నుంచి రెండు పక్కలకూ జెట్లు చిమ్ముతాయి. అందులోని ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ రేడియో తరంగాలు వదులుతాయి. రేడియో తరంగం చెవికి వినబడే సప్పుడు కాదు, అది వెలుతురుకు చుట్టం. అయినా ప్రవీణ సప్పుడనే అంటుంది. మనకూ అదే నయం.

అరిచేవాటి సంగతి తేలిపోయింది. మిగతా తొమ్మిదింటి సంగతేమిటి? వాటికి శాస్త్రవేత్తలు రేడియో క్వైట్ అని పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టారు. సప్పుడు చెయ్యనివి అని. ప్రవీణకు ఆ పేరంటేనే ఒళ్లు మంట. అవి సప్పుడు చెయ్యకపోవడమేమిటి? సన్నగా చేస్తాయి. వినే ఓపిక ఉన్నవాడికి వినబడతాయి.

ఆ సన్నటి సప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది? ఏళ్ల తరబడి గొడవంతా ఇక్కడే. కొందరేమో అది నడుమ ఉన్నదాని గొంతు కాదు, ఇంటి సందడి అంటారు. ఆ గెలాక్సీలో కొత్త నక్షత్రాలు పుడుతూ ఉంటాయి. వాటిలో పెద్దవి తొందరగానే పేలిపోతాయి. ఆ పేలుళ్లు తరిమిన ఎలక్ట్రాన్లు కూడా రేడియో ఇస్తాయి. ఇంటినిండా పిల్లాజెల్లా ఉంటే వీధిలోకి గోల వినబడదూ, అలా. ఇంకొందరేమో కాదు కాదు, నడుమ ఉన్నదే తనలో తాను గొణుగుతోంది, అక్కడే ఏదో చిన్న జెట్టో, కృష్ణబిలాన్ని చుట్టుకున్న వేడి వాయువో ఉంది అంటారు. ఇంత దూరం నుంచి చూస్తే ఇల్లూ, ఇంట్లో మనిషీ కలిసి ఒక్కటే చుక్క. ఎవరి గొంతో ఎట్లా చెప్పడం?

ప్రవీణ పట్టుకున్న దారి వంటింటి దారి. నక్షత్రాలు పుట్టే చోట ధూళి వేడెక్కుతుంది. ఆ వేడి పరారుణ కాంతిలో కనబడుతుంది. ఎంత వేడికి ఎంత రేడియో రావాలో మామూలు గెలాక్సీలను చూసి ముందే లెక్క కట్టి ఉంచారు. పొయ్యి వేడిని బట్టి ఇంట్లో ఎంతమంది ఉన్నారో పసిగట్టినట్టు. వేడికి తగినంత సప్పుడే ఉంటే అది ఇంటి సందడి. వేడి కొంచెం, సప్పుడు ఎక్కువ అయితే, ఆ మిగులు నడుమ నుంచి వస్తున్నట్టు. ఆమె ఏరుకున్న క్వేజార్లలో చాలావాటికి మిగులు కనబడింది. వాటిలో ఒకటైతే కొన్నేళ్లలోనే హెచ్చి, తగ్గింది కూడా. వేల కాంతి సంవత్సరాల వెడల్పున్న ఇల్లు అంత త్వరగా గొంతు మార్చలేదు. నడుమ ఉన్న చిన్న జాగా మాత్రమే మార్చగలదు.

ఈ సంగతి చెప్పడానికే రెండేళ్ల కింద హైదరాబాద్‌లో మొదటి సెమినార్‌కు నిలబడింది. భయంతో ఇంగ్లీషు సగంలో తెగిపోయింది. ముందు వరసలో ఒక పెద్ద ప్రొఫెసర్, కోస్తా వైపు మనిషి, ఆమె అవస్థ చూసి జాలిపడి తెలుగులో అడిగాడు.

"ఇంగ్లీషు వదిలేయండమ్మా. మీ ఉద్దేశంలో ఆ రేడియో ఎక్కడి నుంచి వస్తోంది?"

"నడుమకెల్లి వస్తుంది సార్" అంది ప్రవీణ.

ఆయన నిజంగానే తికమకపడ్డాడు. "నడుముకి వెళ్ళి... మళ్ళీ తిరిగి వస్తోందా?"

హాలు గొల్లుమంది. మన దగ్గర కెల్లి అంటే నుంచి అని, నడుమ అంటే మధ్య అని ఆ పెద్దాయనకు తెలియదు పాపం. ఆయనకు ఆ రేడియో ఎవరి నడుముకో వెళ్లివచ్చినట్టు వినబడింది. తర్వాత ఎవరో చెవిలో చెబితే నొచ్చుకుని "నాదే పొరపాటమ్మా, చెప్పండి" అన్నాడు. కానీ ప్రవీణకు ఇంక నోరు పెగల్లేదు. ఆఖరి సెమినార్‌కు బాగా తయారై రమ్మని పంపేశారు. బస్సులో సిద్దిపేట వచ్చే దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

ఆ రోజు నుంచి మొదలైంది. కాలేజీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గది మధ్యలో నిలబడి గొంతు బరువు చేసి ఆయనలాగా అడిగేది. "ఎక్కడి నుంచి వస్తోందండీ?" మళ్లీ తన గొంతుతో జవాబు చెప్పేది. ఆయన అడ్డుప్రశ్న వేసేవాడు. "అలా కాకపోతే మరెలా? మీ కొలతలో తప్పుందేమో?" ఆమె "గట్ల గాదు సార్" అని సర్దిచెప్పేది. సెమినార్‌కు తయారు కావడమే కదా, తప్పేముంది?

తప్పేమీ లేదు గాని, ఆ పెద్దమనిషి ప్రశ్న అడిగి ఊరుకోలేదు. కొన్నాళ్లకు "ఇవాళ అలసిపోయినట్టున్నారు" అన్నాడు. ఇంకొన్నాళ్లకు "భోంచేశారా?" అన్నాడు. తినలేదంటే కోప్పడ్డాడు. జ్వరం వచ్చిన నాడు టాబ్లెట్ వేసుకోమని పోరు పెట్టాడు. భివండీ నుంచి ఫోన్ రాకపోతే "పనిలో ఉండి ఉంటాడులెండి" అని తమ్ముడిని వెనకేసుకొచ్చాడు. ప్రవీణ కూడా ఆయనకు కాలేజీ సంగతులన్నీ చెప్పేది. ప్రిన్సిపల్ ఎట్లా కసురుకున్నాడో, ఏ పిల్ల బాగా చదువుతోందో, అన్నీ. మొదట్లో గుసగుసగా సాగిన ఆ మాటలు పోనుపోను సందులోకి వినబడేంత అయ్యాయి. రెండు గొంతులూ తనవేనని ఆమెకు తెలియదా? తెలుసు. పిచ్చిది కాదు. కానీ సాయంత్రం తాళం తీసేటప్పుడు లోపల ఎవరో ఉన్నట్టుండేది. ఆ హాయి ఆమె వదులుకోలేకపోయింది. ఎవరు వదులుకుంటారు చెప్పండి?

ఇదీ ఆంధ్రాయన కథ. ఇప్పుడు కొమురవ్వ దగ్గరికి వద్దాం.

ఆదివారం పొద్దున ప్రవీణ బోళ్లు తోముకోవడానికి కిందికి దిగింది. నల్లా కింద వాకిట్లోనే ఉంది. కొమురవ్వ చాటలో బియ్యం ఏరుతూ పిలిచింది.

"జెర గిట్ల కూసో బిడ్డా."

కూర్చుంది.

"మీది అర్రలకెల్లి ఇద్దరి మాటలు వస్తున్నయ్. సిద్ధమ్మ చెప్పింది గాదు, గీ చెవులతోని విన్న. నువ్వు బోళ్లు తోముడు గూడ రోజు చూస్త. ఒక్క తళె, ఒక్క గిలాస, ఒక్క గంజు. వంట ఒక్కదానికి, మాటలు ఇద్దరికి. అంటె ఏంది?"

ప్రవీణ చటుక్కున తలెత్తి చూసింది. భయంతో కాదు. అది అచ్చంగా తన థీసిస్‌లో మూడో అధ్యాయం. వేడి ఒక్కరికి సరిపడా, సప్పుడు ఇద్దరికి సరిపడా.

"ఏంది పెద్దవ్వా?" అంది నెమ్మదిగా.

"ఏందంటవా? వాడు ఇంటికాడ తినొస్తుండు. ఇంటికాడ తినొచ్చేటోడంటె పెండ్లామున్నోడే." చాట పక్కన పెట్టింది కొమురవ్వ. "ఎవలు బిడ్డా ఆయన? చెప్తె చెప్పు. లేకుంటె అర్ర ఖాళీ చెయ్. నాకు సందుల లొల్లి వద్దు."

ఇంకో రోజైతే ప్రవీణ నవ్వేదేమో. లెక్కంతా సరిగ్గా కట్టుకుంటూ వచ్చి ఆఖరి మెట్టు మీద జారిపడింది కదా ముసలమ్మ! కానీ నవ్వు రాలేదు. నిజం చెప్పేస్తే సరిపోతుంది. రెండు గొంతులూ నావే పెద్దవ్వా, నాతో నేనే మాట్లాడుకుంటాను. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. వచ్చి ఆగింది. ఆ మాట సాయంత్రానికి సిద్ధమ్మ నోట పడుతుంది, మర్నాటికి కాలేజీకి చేరుతుంది. ఇంటికి మగవాడు వచ్చే ఆడదాని గురించి లోకం కొన్నాళ్లు గుసగుసలాడి మరిచిపోతుంది. మాట్లాడే దిక్కులేక మగగొంతు పెట్టి తనతో తానే మాట్లాడుకునే ఆడదాన్ని మాత్రం బతికినంతకాలం వేలు పెట్టి చూపిస్తుంది. ఆ సిగ్గు పడటం ఆమె వల్ల కాదు. ఛీ అనిపించుకున్నా ఫరవాలేదు, అయ్యో అనిపించుకోవడం మాత్రం కుదరదు.

"ఒక సార్ పెద్దవ్వా" అంది. "హైదరాబాద్‌ల ఉంటడు. నా చదువు సంగతి చూస్తడు. పెండ్లిగాలేదు ఆయనకు."

"నిన్ను చేసుకుంటడా?"

ప్రవీణ తల వంచుకుంది. వంచుకున్నది అబద్ధం చూపించకుండా దాచడానికి. కొమురవ్వకు మాత్రం అది పెండ్లికూతురు సిగ్గులా కనబడింది.

"గా ముక్క ముందుగాల చెప్పరాదానె!" అని మొహమంతా నవ్వు చేసుకుంది. "మల్ల గా పక్కసందులకెల్లి దొంగలెక్క వచ్చుడేంది? ముందటి దర్వాజలకెల్లి రమ్మను. నేనేమన్న తింటనా?" ఆయనకు మొహమాటమెక్కువ, కొన్నాళ్లు పక్కసందులోంచే రానిమ్మని ప్రవీణ నచ్చజెప్పింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ప్రవీణ బతుకులో అంతకు ముందెన్నడూ లేని వైభోగం. సందులో ఆడవాళ్లు ఆగి పలకరించారు. సిద్ధమ్మ అయితే "మంచి పని చేసినవ్ బిడ్డా, ఒక్కదానివి ఎన్నొద్దులుంటవ్" అని చెయ్యి పట్టుకుంది. ఎంత కాలమైందో ఆమె చెయ్యి ఒకరు పట్టుకుని! కొమురవ్వ బియ్యప్పిండితో సర్వపిండి రొట్టె కాల్చిన నాడు రెండు ముక్కలు పంపింది. ఒకటి నీకు, ఒకటి సారుకు అని. ప్రవీణ మొదటిది తిన్నది. రెండోది కాసేపు ప్లేటులో అలాగే ఉంచింది. చివరికి అదీ తిన్నది. తిని, కింద వినబడేలా బరువు గొంతుతో "మీ పెద్దవ్వగారు భలే చేశారండీ" అంది. కింద కొమురవ్వ సంతోషానికి అంతు లేదు.

అబద్ధమని తెలిసి కూడా ప్రవీణ సంతోషపడింది. ఆ సంతోషానికే ఆమెకు భయం వేసింది. తనకు దక్కుతున్న ప్రేమంతా లేని మనిషి పేరు మీద వస్తోంది. ఆయన్ను చూపించమంటే ఎక్కడి నుంచి తేవాలి? కొమురవ్వ దసరాకు తోలుకరమ్మంది. సెమినార్ అయినంక చూద్దాం అని ప్రవీణ దాటవేసింది.

ఆ సెమినార్ రోజు వచ్చింది. ఈసారి ప్రవీణ తడబడలేదు. ఇంగ్లీషులో మొత్తం చెప్పింది. కొందరు ఏవో ప్రశ్నలు అడిగారు, జవాబులు చెప్పింది. ముందు వరసలో ఆ పెద్ద ప్రొఫెసర్ కూడా ఉన్నాడు. రెండేళ్లుగా ఆయన ప్రశ్న కోసమే సిద్ధమై ఉన్న ప్రవీణ ఆయన వైపే చూస్తూ నిలబడింది. ఆయన ఏమీ అడగలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

టీ తాగేటప్పుడు ఆమే దగ్గరికి వెళ్లింది. "సార్, రెండేండ్ల కింద మీరు నన్నొక ప్రశ్న అడిగిన్రు."

"నేనా? ఏమడిగానమ్మా?" అన్నాడాయన. నటన కాదు. నిజంగానే గుర్తులేదు.

"ఆ రేడియో ఎక్కడి నుంచి వస్తుందని."

"ఓహో. మంచి ప్రశ్నే. మరి ఎక్కడి నుంచట?"

"నడుమకెల్లి సార్. ఇంట్ల ఇంకెవ్వలు లేరు. ఆ సప్పుడు ఒక్కదానిదే."

ఆయన మర్యాదగా నవ్వాడు, బాగా చేశావమ్మా అన్నాడు, కప్పు పక్కన పెట్టి కారు వచ్చిందేమో చూడటానికి వెళ్లిపోయాడు. ప్రవీణ అక్కడే నిలబడిపోయింది. ఆయన గొంతు సన్నగా, అరిగిపోయినట్టుగా ఉంది. రోజూ తన గదిలో భోంచేశారా అని అడిగిన గొంతు ఆయనది కానే కాదు. ఎన్నడూ కాదు. రెండేళ్లుగా ఎవరిని ఇంట్లో పెట్టుకుందో ఆమెకు అర్థమైంది.

థీసిస్ ఇచ్చుకోవచ్చు అన్నారు. అయినా అలవాటు కొద్దీ ఆ సంగతి చెప్పుకోవడానికి గబగబా గదికి వచ్చింది. తాళం తీసి, గది మధ్యలో నిలబడి, ఆయన గొంతుతో "ఎలా జరిగిందండీ?" అని అడగబోయింది. రాలేదు. ఎంత బరువు పెట్టినా తన గొంతే వచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆయన పోయాడు. మనిషి పోతే నలుగురూ వస్తారు. ఈయన పోతే వచ్చేవారెవరు? ప్రవీణ కాలేజీకి వెళ్లి వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకోసాగింది.

కింద కొమురవ్వ చెవులు ఊరుకుంటాయా? మీద సప్పుడు లేదు. రెండు గొంతుల్లో ఒకటి పోవడం కాదు, రెండూ పోయాయి. కొన్ని రోజులు చూసింది. ఇక ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం గోడ పట్టుకుని, మెట్టుకొకసారి కూర్చుంటూ, మోకాళ్లను తిట్టుకుంటూ పైకెక్కింది. తలుపు తీసిన ప్రవీణ ఆమెను చూసి గాభరాపడి పట్టుకుని కూర్చోబెట్టింది.

"సార్ వస్తలేడేంది?" అంది కొమురవ్వ రొప్పుతూ.

"రాడు పెద్దవ్వా."

"కొట్లాడిన్రా?"

ప్రవీణ నేల మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. ఇంత దూరం ఎక్కి వచ్చిన మనిషికి ఇంకా అబద్ధం చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. గది పోతే పోయింది. నవ్వితే నవ్వింది.

"పెద్దవ్వా, ఎవ్వలు లేరు. ఎన్నడు లేకుండె. ఆ మాటలు గూడ నావే. రెండు గొంతులు నేనే మాట్లాడిన. నాతోని మాట్లాడేటోళ్లు లేక నేనే మాట్లాడుకున్న."

చెప్పి కళ్లు మూసుకుంది. కొమురవ్వ నవ్వలేదు. ఆమె చెయ్యి వచ్చి ప్రవీణ తల మీద పడింది.

"గంత మాటనకు బిడ్డా" అంది కొమురవ్వ. "లేడంటవేంది? గీ చెవులు అబద్ధం చెప్తయా? నా సర్వపిండి మంచిగున్నదన్నడు, నేను వినలేదా? అసలు లేనేలేడు అనుకునేదాక తెచ్చిండా నిన్ను? గంతగనం ఏడ్పిచ్చి పోయిండా?"

"కాదు పెద్దవ్వా, నిజంగనే. చూడు, మాట్లాడి చూపిస్త." ప్రవీణ లేచి గొంతు సవరించుకుంది. "అలా... అలా కాకపోతే..." ఆ మాట ఆమె సొంత గొంతుతోనే వచ్చి, సగంలో ఏడుపై విరిగిపోయింది.

"వద్దు బిడ్డా, వద్దు. వాని మాటలు యాది చేసుకోకు." కొమురవ్వ ఆమెను లాగి తల ఒడిలో పెట్టుకుంది. వీపు నిమిరింది. ఒక ఆడదాన్ని ఇట్లా చేసి పోయినవాడు బాగుపడతాడా, వాని చేతులు విరగ, వాని ఇల్లు పాడుగాను అని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూ తిడుతూ ఆగింది.

"వాని పేరేంది బిడ్డా? తిడ్తందుకన్న పేరు గావాలె గదా."

ప్రవీణ ఆ ఒడిలోనే కళ్లు తెరిచింది. రెండేళ్లు ప్రతి సాయంత్రం మాట్లాడింది. జ్వరంలో టాబ్లెట్ వేయించుకుంది. తిన్నారా అంటే తిన్నానని చెప్పింది. ఆయన్ను సార్ అనే పిలిచింది. పేరు పెట్టనే లేదు. పెట్టాలని కూడా తోచలేదు.

"పేరు లేదు పెద్దవ్వా" అంది, అని ఇంక ఆపుకోలేక గొంతెత్తి ఏడ్చింది.

"పేరు గూడ చెప్పకుండ పోయిండా!" అని కొమురవ్వ నెత్తి కొట్టుకుని ఆమెతో పాటు ఏడ్వసాగింది.